సోమవారం నాటి భక్తి

తిరువూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆదివారం మైకుతో తెల్లవారుతుంది. ముందు ఒక మందిరం నుంచి పాట వినిపిస్తుంది, కాసేపటికి పక్క వీధి మందిరం గొంతు కలుపుతుంది. తొమ్మిదయ్యేసరికి వీధి నిండా ఇస్త్రీ చీరలు, తలమీద కొంగులు, జిప్పు కవరులో బైబిళ్లు, తల్లుల చేతులు పట్టుకున్న పిల్లలు. “వందనాలండి అయ్యగారూ.” “వందనాలమ్మా, పిల్లలు బాగున్నారా?” మధ్యాహ్నం దాకా పాటలు, వాక్యం, సాక్ష్యాలు, ప్రార్థనలు. సంస్కారపు ఆదివారమైతే రొట్టె, ద్రాక్షరసం. ఆ తరువాత ఎవరి ఇంటికి వాళ్లు.

సోమవారం పొద్దున అదే మనుషులు మిరప కోతలకు ఆటో ఎక్కుతారు. పత్తి కాటా దగ్గర నిలబడతారు. మామిడి తోట గుత్త మాట్లాడుకుంటారు. డ్వాక్రా వాయిదా కడతారు. బడిలో పాఠం చెబుతారు, ఆసుపత్రిలో సూది వేస్తారు, ఆఫీసులో ఫైలు కదుపుతారు. ఈ కథనం ఆ ఆరు రోజుల గురించి.

క్రైస్తవ విశ్వాసంలో ఎదగడమంటే ఏమిటని అడిగితే చాలామంది ప్రార్థన గంటలు చెబుతారు, ఉపవాసాల లెక్క చెబుతారు, నోటికి వచ్చిన వాక్యాలు అప్పజెబుతారు. అవన్నీ కావలసినవే. కానీ ఈ ప్రాంతపు క్రైస్తవ చరిత్రను దగ్గరగా చూసినకొద్దీ నాకు ఒకటే సంగతి తేటపడుతోంది. ఇక్కడ మనిషి మారాడని మొట్టమొదట పసిగట్టినవాళ్లు పొరుగువాళ్లు. వాడు అప్పు తీర్చాడా, భార్య మీద చెయ్యి చేసుకోవడం మానాడా, కూలి లెక్క సరిగా చెబుతున్నాడా అని చూసి వాళ్లే తీర్పు చెప్పారు. భక్తిలో నిజమెంతో తేల్చే ఆ పంచాయితీ ఇప్పటికీ మన వీధి అరుగుల మీదే జరుగుతోంది.

కృష్ణ ఒడ్డున అడిగిన దారి

ఉమ్మడి కృష్ణా జిల్లాకు తిరువూరు ఉత్తరపు అంచు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఎన్టీఆర్ జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. కాస్త ముందుకు పోతే ఖమ్మం జిల్లా. కింద బందరు, బెజవాడ. పైన ఖమ్మం, డోర్నకల్. ఆంగ్లికన్ మిషన్ ఈ నేల మీద నడిచిన దారి కూడా ఇంచుమించు ఇదే.

1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరులో దిగారు. ఫాక్స్ ఊళ్లు తిరిగి బోధించాడు, ఏడేళ్లకే చనిపోయాడు. నోబుల్ బడి పెట్టాడు. అదే తరువాత నోబుల్ కళాశాల. ఆయన మళ్లీ ఇంగ్లండు ముఖం చూడలేదు. ఇరవై నాలుగేళ్లు ఒకే ఊళ్లో, ఒకే పనిలో ఉండి 1865లో బందరులోనే కన్నుమూశాడు. ఆయన బోధించిన మాటలు గుర్తున్నవారు ఇప్పుడు లేరు. కదలకుండా నిలబడ్డ ఆ ఇరవై నాలుగేళ్లు మాత్రం కళాశాల పేరులో ఇంకా ఉన్నాయి.

నా మనసుకు అంతకంటే దగ్గరైన మనిషి మరొకరు ఉన్నారు. రాఘవాపురం పగోలు వెంకయ్య. మాల కులంలో పుట్టినవాడు. మిషనరీ చరిత్రల్లో నిలిచిపోయిన ఆయన కథ ఇది. విగ్రహాలు దేవుళ్లు కావనీ, నిజమైన దేవుడు ఒక్కడే ఉన్నాడనీ ఒక స్నేహితుడు ఎక్కడో విన్న మాట వెంకయ్య చెవిన వేశాడు. చెప్పినవాడికి అంతకుమించి తెలియదు. వెంకయ్యకు ఆ ఒక్క మాటే పట్టుకుంది. పేరు తెలియని ఆ దేవుణ్ని నువ్వెవరివి, ఎక్కడున్నావు, నాకు కనబడు అని వేడుకుంటూ ఉండిపోయాడు. పుస్తకం లేదు, గురువు లేడు, సంఘం లేదు. ఏళ్లు గడిచాక కృష్ణాస్నానాల జనం మధ్య బెజవాడలో ఒక బ్రాహ్మణుడు అతని ముఖంలోని వెతుకులాట కనిపెట్టి, ఈ ఊళ్లో డార్లింగ్ అనే మిషనరీ దొర ఉన్నాడు, నువ్వు వెతికేది ఆయన చెబుతాడు, వెళ్లమన్నాడు. వెంకయ్య వెళ్లాడు. 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెంట బంధువులు, ఆ తరువాత చుట్టుపక్కల పల్లెలు కదిలాయి. రాఘవాపురం మిషన్ కేంద్రమైంది.

ఈ కథలో నన్ను పదే పదే ఆపేది ఒడ్డున దొరికిన ఆ దారి. వెతుకుతున్నవాడు ఊరి వెలుపల బతికే మాల. దారి చూపినవాడు ఘాట్‌లో బ్రాహ్మణుడు. అంటరానితనం ఎంత గట్టిగా ఉన్న రోజులో గుర్తు చేసుకోండి. ఒకరి ఆకలి మరొకరి కంటపడింది, ఆ ఒక్కమాట కులాన్ని దాటి వచ్చింది. క్రైస్తవ సంఘాలు వెంకయ్య విశ్వాసాన్ని తలచుకుంటాయి, తలచుకోవాలి కూడా. తనకు ఏ లాభమూ లేకుండా నిజం చెప్పిన ఆ పేరులేని మనిషికి కూడా ఆ తలపులో చోటుండాలని నా కోరిక. ఇంకో సంగతి. బాప్తిస్మానికి ముందే వెంకయ్యలో ఎదుగుదల మొదలైంది. జవాబు రాకున్నా అడగడం మానకపోవడం, దొరికిన చిన్న మాటను పారేయకపోవడం, ఓర్చుకోవడం. వీటికి మందిరం అక్కర్లేకపోయింది.

ఒక్క రోజులో 2,222

బాప్తిస్మం ఒక రోజు పని, దానికి ముందూ తరువాతా గడిచే జీవితమే అసలు పని. ఆ మాట రుజువు కావాలంటే కృష్ణ దాటి ఒంగోలు వైపు చూడాలి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ హయాంలో 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ప్రపంచమంతా చెప్పుకున్న సంఖ్య. దాని ముందు జరిగింది అంతగా చెప్పుకోరు. 1876–78 కరువులో జనం చచ్చిపోతుంటే క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత పనిని గుత్తకు తీసుకుని కూలి ఇప్పించాడు. కూలి ఇస్తున్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం వచ్చినవాళ్లు, దేవుడి కోసం వచ్చినవాళ్లు కలిసిపోకూడదని ఆయన పట్టుదల. నెలల తరబడి గుంపులు తిరిగి తిరిగి అడిగారు, ఆయన వేచి ఉండమన్నాడు. ఆ నిరీక్షణ నాకు సంఖ్య కంటే పెద్దదిగా కనిపిస్తుంది.

వచ్చినవాళ్లకు ఆయన పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పనికి వెళ్లకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఈనాడు చదివితే మొదటిది తేలిగ్గా అనిపిస్తుంది. ఆనాడు ఆసామి పొలంలో తరతరాలుగా కట్టుబడి చేసే మాదిగ కుటుంబం ఆదివారం రామని చెప్పడమంటే గింజలు ఆగిపోతాయి, నీళ్లు ఆగిపోతాయి, దెబ్బలు పడతాయి. అలా చెప్పగలిగినవాడికి వెన్నెముక వచ్చినట్టే. ఆరాధన కోసం తీసుకున్న ఆ ఒక్క రోజు సెలవులో ఈ కులాలు ఆత్మగౌరవం నేర్చుకున్నాయి. ఈ రోజు మనం ఆదివారం మందిరానికి వెళ్లేటప్పుడు ఆ తాతముత్తాతలు ఏ ధర పెట్టి ఆ రోజును కొన్నారో పిల్లలకు చెప్పాలి.

ఇలా గుంపులుగా వచ్చినవాళ్లు నిజంగా మారారా అనే ప్రశ్న అప్పుడే వచ్చింది. అమెరికన్ మెథడిస్టు జె. వాస్కమ్ పికెట్ దేశమంతా తిరిగి ఈ సంగతిని పరిశీలించి 1933లో పుస్తకం వేశాడు. ఆయన తేల్చింది సూటిగా ఉంటుంది. ఏ కారణంతో వచ్చారనే దానికంటే, వచ్చాక ఎలాంటి బోధ, ఎలాంటి ఆరాధన, ఎలాంటి కాపరి దొరికారన్నదే వాళ్ల తరువాతి జీవితాన్ని నిర్ణయించింది. బియ్యం కోసం వచ్చాడని, బడి కోసం వచ్చాడని ఇప్పటికీ ఎగతాళి చేసేవాళ్లున్నారు. పికెట్ వాళ్లకు తొంభై ఏళ్ల కిందటే సమాధానం చెప్పాడు. కాపరులకు కూడా చెప్పాడు: మనిషి మారలేదంటే ముందు మీ బోధ సంగతి చూసుకోండి అని.

డోర్నకల్ నేర్పిన పాఠం

విజయవాడ నుంచి కాజీపేట వెళ్లే రైలు ఎక్కి ఖమ్మం దాటాక డోర్నకల్ జంక్షన్ వస్తుంది. 1909లో అక్కడికి ఒక తమిళుడు వచ్చాడు. పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి దగ్గర వెళ్లాలన్‌విళైలో పుట్టినవాడు. ముప్పై దాటాక తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. కొన్నేళ్లకు కృష్ణా ప్రాంతపు సంఘాలు కూడా ఆయన పాలన కిందికి వచ్చాయి. ఎడ్లబండి, సైకిలు, రైలు, కాలినడక, ఏది దొరికితే దానిమీద పల్లెలు తిరిగాడు. 1945 జనవరి 1న మరణించేనాటికి డోర్నకల్ అధ్యక్ష మండలంలో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. దేశంలోని మిగతా ఆంగ్లికన్ మండలాల్లో ఇంత వేగంగా పెరిగినది లేదు.

సంఖ్య చెప్పి ఆగిపోతే అజరయ్యను అర్థం చేసుకోనట్టే. ఆయన తన జనానికి నలుగురు శత్రువులను పేరు పెట్టి చూపించాడు: మురికి, రోగం, అప్పు, తాగుడు. బిషప్ నోట ఈ జాబితా ఒకసారి ఊహించుకోండి. ఇందులో సిద్ధాంతం ముక్క కూడా లేదు. బావి దగ్గర శుభ్రం, పిల్లవాడి జ్వరం, షావుకారు నోటు, కల్లుపాక. ఆత్మల రక్షణ గురించి మాట్లాడే మనిషి అప్పు గురించి ఎందుకు మాట్లాడాలి? మాట్లాడాలి. అప్పుల్లో కూరుకున్నవాడు ఎవరికి భయపడుతున్నాడో వాడే అతనికి దేవుడవుతాడని పల్లె ఎరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

బాప్తిస్మం పొందినవారిచేత సొంత తలమీద చెయ్యి పెట్టించి, నేను బాప్తిస్మం పొందినవాణ్ని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అనే అర్థం వచ్చేలా పలికించేవాడాయన. ప్రతి మనిషీ సాక్షే, జీతం తీసుకునే ఉపదేశి ఒక్కడే కాదు అని ఆయన నమ్మకం. చదువు రాని వాళ్లకు పాటలే పాఠాలయ్యాయి. కోత పండుగల్లో ప్రథమ ఫలాలు తెచ్చి మందిరంలో పోశారు. డోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ కెథెడ్రల్ 1939 జనవరిలో ప్రతిష్ఠ అయింది. గుడి స్తంభాల పోలిక, మసీదు గుమ్మటాల పోలిక కలిసిన కట్టడం. క్రీస్తును నమ్మినంత మాత్రాన ఈ నేల వదులుకోవలసిన పని లేదని రాతిలో చెప్పించాడు.

ఇప్పుడు అసలు సంగతి. 1930లలో ఇదే తెలుగు పల్లెల్లో మాల మాదిగలతోపాటు ఊరి మధ్య ఇళ్లవాళ్లు, శూద్ర కులాలుగా పిలిచినవాళ్లు వేలమంది సంఘాల్లో చేరారు. ఎందుకని ఆరా తీస్తే మళ్లీ మళ్లీ వినిపించిన జవాబు ఒకటే: మా కళ్లముందు ఈ పేటవాళ్లు మారారు. తాగుడు మానారు, దొంగతనాలు మానారు, పిల్లల్ని బడికి పంపుతున్నారు, శుభ్రంగా ఉంటున్నారు, ఆడవాళ్లను గౌరవంగా చూస్తున్నారు. ఏ బోధకుడూ గెలవలేని ఊరిని తమ పొలంలో కూలి చేసే మనుషులు గెలిచారు. అక్షరం రాని మనుషుల బతుకును అక్షరాలు వచ్చిన ఊరు చదివింది. క్రైస్తవ శీలం అంటే ఏమిటో చూపించడానికి పుస్తకాలు వెతకక్కర్లేదు. మన తాతల కాలంలో, మన పొలాల గట్ల మీదే ఉంది.

ఆ ఊరు ఇప్పుడు మనల్ని చదివితే ఏం చదువుతుంది?

కాటా, కార్బైడ్, కవరు

తిరువూరు, విస్సన్నపేట, ఏ. కొండూరు, రెడ్డిగూడెం, అటు నూజివీడు. మామిడి నేల ఇది. బంగినపల్లి, కలెక్టరు, రసాలు. కాయ పిందెగా ఉండగానే గుత్త బేరాలు మొదలవుతాయి. పచ్చికాయ కోసి కార్బైడ్ పొట్లాలు పెట్టి రెండు రోజుల్లో పసుపు రంగు తెప్పించడం అందరికీ తెలిసిన తప్పు. ఆహార భద్రత నిబంధనలు 2011 నుంచే కాల్షియం కార్బైడ్‌ను నిషేధించాయి. ఇథిలీన్ వాయువును 100 పీపీఎం లోపు వాడి మగ్గబెట్టుకోవచ్చు. దానికి గది కావాలి, ఖర్చు కావాలి, ఓపిక కావాలి. క్రైస్తవ వ్యాపారి ఇక్కడే పరీక్షకు నిలబడతాడు. ఆ పండు తినేది ఎవరో తెలియదు, ఎప్పటికీ తెలియదు. చూసేవాడు లేని చోట దొరికిపోయే భయం ఉండదు. దేవుడి భయం ఒక్కటే మిగులుతుంది. అది ఉందో లేదో పొట్లం చెబుతుంది.

పత్తి, మిరప కొనే చోట తరుగు పేరుతో కోసే కిలోలు, తేమ పేరుతో తగ్గించే ధర. ముఠా మేస్త్రి చేతిలో కూలీల డబ్బు. ఉపాధి పనిలో రానివాళ్ల పేర మస్టరులో పడే సంతకం. ఎన్నికల ముందు రాత్రి తలుపు కింద నుంచి వచ్చే కవరు. తీసుకుని ప్రార్థన చేసి ఇష్టమైనవాడికి ఓటు వేస్తే తప్పేమిటని వాదించే విశ్వాసులు చాలామంది ఉన్నారు. ఇవన్నీ చిన్న విషయాలని నేను అనుకోను. యేసు మాటలను ఇక్కడ యథాతథంగా రాయక్కర్లేదు. కొంచెంలో నమ్మకంగా ఉన్నవాడి గురించి ఆయన చెప్పింది ప్రతి విశ్వాసికీ తెలుసు.

సాక్ష్యాల సమయం గురించి ఒక మాట చెప్పాలి, ప్రేమతోనే చెబుతున్నాను. మన మందిరాల్లో వినిపించే సాక్ష్యాల్లో ఎక్కువ భాగం పొందిన మేళ్లు. జ్వరం తగ్గింది, ఉద్యోగం వచ్చింది, వీసా వచ్చింది, కోడలికి కానుపు తేలిగ్గా అయింది. కృతజ్ఞత చెప్పడం మంచిదే, పేదవాడి జీవితంలో జ్వరం తగ్గడం పెద్ద సంగతే. కానీ సువార్తల్లో జక్కయ్య సాక్ష్యం వేరు. యేసు తన ఇంట అడుగుపెట్టిన రోజున జక్కయ్య చెప్పింది లెక్కలు: ఆస్తిలో సగం పేదలకు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలుగా వెనక్కి. అలాంటి సాక్ష్యం మన మైకులో ఎప్పుడో గాని వినిపించదు. ఫలానావాడికి ఇవ్వవలసిన కూలి బకాయి తీర్చాను, పొలం గట్టు జరిపింది నేనే, వెనక్కి జరిపాను, మా తమ్ముడితో నాలుగేళ్లుగా మాటల్లేవు, నిన్న వెళ్లి మాట్లాడాను అని ఒకరు లేచి చెబితే సంఘం ఎంత నిశ్శబ్దంగా వింటుందో!

అప్పు గురించి కూడా అజరయ్యలాగా ఎవరూ మాట్లాడడం లేదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నవాడూ, ఇచ్చినవాడూ ఒకే బల్ల మీద కూర్చుని ఒకే పాట పాడే సంఘాలు ఉన్నాయి. పెళ్లికి, కొత్త ఇంటి ప్రార్థనకు, క్రిస్మస్ విందుకు అప్పు చేసి పరువు నిలబెట్టుకోవడం విశ్వాసుల ఇళ్లలో కూడా మామూలైపోయింది. పెళ్లి సాదాగా చేసుకున్న కుటుంబాన్ని సంఘ పెద్దలు అందరిముందు గౌరవిస్తే, అది ఎన్నో ప్రసంగాల పని చేస్తుంది.

తాగుడు సంగతి ఆడవాళ్లను అడగాలి. శుక్రవారం ఉపవాస కూడికలో తల వంచి కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ఏం కోరుకుంటారో ఏ పాస్టరమ్మను అడిగినా చెబుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డప్పుడు రాష్ట్రమే కదిలింది. ఆ కోపం న్యాయమైనది, పవిత్రమైనది కూడా అని నేను నమ్ముతాను. భార్య మోకాళ్ల మీద ఉంటే భర్త బెల్టు షాపు దగ్గర ఉన్న ఇంట్లో ఎదుగుదల బాధ్యతంతా ఆమె ఒక్కతే మోస్తోంది. సంఘం మగవాళ్లతో సూటిగా మాట్లాడాలి. ఇంట్లో చెయ్యి లేపేవాడికి వేదిక మీద కుర్చీ వేయకూడదు.

నాలుగో ఏటి పూత

ఇంత చదివి నిరాశపడేవారికి ఈ తోటలవాళ్లే మంచి జవాబు. అంటు మొక్క నాటాక రెండో ఏటే పూత రావచ్చు. తెలిసిన రైతు దాన్ని తుంచేస్తాడు. మూడేళ్ల దాకా ఆ పూతను నిలవనివ్వడు. కొమ్మ బలపడాలి, వేరు దిగాలి. ఆ తరువాతే కాపు. పౌలు గలతీయులకు రాసిన లేఖలో ఆత్మ ఫలమని చెప్పిన గుణాల్లో దీర్ఘశాంతం, ఆశానిగ్రహం ఉన్నాయి. రెండూ ఒక్క ఉజ్జీవ సభలో వచ్చేవి కావు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాణ్ని నెల తిరక్కుండా మైకు ముందు నిలబెట్టే ఆత్రం మన సంఘాల్లో ఎక్కువ. వాడు పడిపోయినప్పుడు విడిచిపెట్టడంలోనూ అంతే తొందర.

నిదానంగా మనిషిని పెంచే అలవాట్లు మనకు లేకపోలేదు. రాత్రి అన్నం ముందు కుటుంబ ప్రార్థన ఉంది. రోజూ వండే బియ్యంలో నుంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసి మందిరానికి తెచ్చే ఆడవాళ్ల కానుక ఉంది. నాకు తెలిసినంతలో పిడికెడు బియ్యం కంటే గొప్ప క్రమశిక్షణ లేదు. బియ్యం నిండుగా ఉన్నరోజూ అంతే, అడుగు కనబడుతున్నరోజూ అంతే. బైబిలు మిషన్ స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు నేర్పిన సన్నిధి ఉంది. మాటలు ఆపి దేవుడి ఎదుట మౌనంగా కనిపెట్టుకుని ఉండడం. ఫోన్ చేతిలో లేకుండా పావుగంట గడపలేని ఈ తరానికి అది అత్యవసరం. పంజాబు నుంచి వచ్చి హైదరాబాదు హెబ్రోనును కేంద్రం చేసుకున్న బ్రదర్ భక్త్ సింగ్ పరిశుద్ధ కూడికల్లో వేలమంది నేల మీద వరసగా కూర్చుని ఒకే అన్నం తిన్నారు. తిండి పంక్తే అక్కడ పాఠం.

పంక్తి మాట వచ్చింది కాబట్టి దాచకుండా చెప్పాలి. మాలపల్లెలో ఒక మందిరం, మాదిగపల్లెలో మరొకటి, ఊళ్లో మూడోది. మిషన్లు వచ్చిన దారిని బట్టి కొంత అలా ఏర్పడింది నిజమే. కానీ ఇన్ని తరాల తరువాత కూడా పెళ్లి సంబంధం దగ్గర, సమాధుల తోట దగ్గర కులం ముందుకు వస్తోందంటే మన బాప్తిస్మం నీళ్లు ఇంకా అక్కడికి చేరలేదు. ఒకే పాత్రలో ద్రాక్షరసం అందరికీ అందాలన్నది ఊరికే కాదు. ఆ ఒక్క గుక్కలో మొత్తం సువార్త ఉంది.

మరో గాయం కాగితాలది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు లేదు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊరు అతన్ని మాలా మాదిగా అనడం మానలేదు, అన్యాయం మానలేదు. కానీ హోదా పోతుంది. దాంతో మందిరంలో ఒక పేరు, ధ్రువపత్రంలో ఇంకో పేరు. ఈ కుటుంబాలను అబద్ధికులని నిందించేవాళ్లు ముందు ఆ ఇరుకులో ఒక్కరోజు నిలబడాలి. చట్టం మారాలని అడగడం న్యాయం. అదే సమయంలో, పిల్లలకు రెండు పేర్ల జీవితం నేర్పుతూ సత్యం గురించి పాఠం చెప్పడం ఎంత కష్టమో ఆ తల్లిదండ్రులకే తెలుసు. పాస్టర్లు ఈ సంగతి తప్పించుకోకుండా, తీర్పు తీర్చకుండా వాళ్లతో కూర్చుని మాట్లాడాలి.

శ్రమ దినాలు మామిడి పిందె కట్టే రోజుల్లోనే వస్తాయి. భస్మ బుధవారం నుంచి ఈస్టరు దాకా, ఆదివారాలు తీసేస్తే నలభై రోజులు. మిరప కోతల కూలి పంపకాలు, తోటల గుత్త బేరాలు, కౌలు లెక్కలు అన్నీ దాదాపు అప్పుడే. మాంసం మానడం, పూలు పెట్టుకోవడం మానడం మన అలవాటు. తిరువూరు ప్రాంతపు సంఘాలు ఈసారి దీనికి కొన్ని పనులు కలిపితే బాగుంటుంది. తోట యజమాని గుడ్ ఫ్రైడే లోపల కూలి బకాయిలు పూర్తిగా చెల్లించాలి. కాటా ఉన్నవాడు దాన్ని సరిచేయించుకోవాలి. మాటల్లేని ఇళ్ల మధ్య సంఘ పెద్దలు ఇద్దరు నడిచి వెళ్లాలి. పక్క పేట మందిరంతో కలిసి ఒక ఆదివారం సంస్కారం తీసుకోవాలి. ఏ. కొండూరు మండలం తండాల్లో మూత్రపిండాల జబ్బుతో ఏళ్లుగా బాధపడుతున్న కుటుంబాలు మనకు కూతవేటు దూరంలో ఉన్నాయి. వాళ్లలో చాలామంది మన సంఘాలవాళ్లు కారు, కావలసిన అవసరమూ లేదు. డయాలసిస్‌కు వెళ్లే రోజున ఆటో కిరాయి ఎవరు ఇస్తారు, తోడు ఎవరు వెళ్తారు, ఇంట్లో పిల్లలకు అన్నం ఎవరు పెడతారు. ఈ మూడింటికీ పేర్లు రాసుకుని యువజనులు సోమవారం నుంచి వంతులు వేసుకోవచ్చు. ఈస్టరు కానుకలో కొంత భాగం ఆ కిరాయికే పక్కన పెట్టమని పెద్దల కమిటీలో ఎవరో ఒకరు ముందుగా లేచి అడగాలి.